మిగతావి

ఓబ్దూలియా బండి దగ్గర నిలబడినప్పుడే గ్రిసెల్దాకు తన గొంతు తనకు వినిపించేది. మిగతా రోజంతా ఆ గొంతుతో పెద్దగా పని ఉండేది కాదు. విశ్వవిద్యాలయంలో ఆమె గదికి ఒక్కటే కిటికీ. దానికి ఎదురుగా కంప్యూటర్, తెర మీద కదిలే చుక్కలు. చుక్కలతో మాట్లాడనక్కర్లేదు.

ఆ ఉదయం మిస్తి కొండ వెనకనుంచి ఎండ ఇంకా దిగలేదు. బండి మీద మూలికలు నానేసిన గాజు సీసాలు వరసగా ఉన్నాయి. గ్యాస్ మంట మీద బార్లీ, అవిసెగింజలు చిక్కగా మరుగుతున్నాయి. పెరూ దేశపు అరెకీపాలో, ఆ చలికి చేతులు బయటపెట్టేది ఆ కషాయం గ్లాసు కోసమే.

"రా డాక్టరమ్మా. నీ గ్లాసు ఎప్పట్నించో ఏడుస్తోంది నీకోసం."

"ఇంకా డాక్టర్ని కాలేదు పిన్నీ. థీసిస్ ఒప్పుకోవాలి."

"ఒప్పుకోక చస్తారా? ఒప్పుకోకపోతే చెప్పు, ఈ గరిటె పట్టుకొస్తా." ఓబ్దూలియా నిమ్మకాయ పిండుతూ నవ్వింది. నవ్వు మధ్యలో ఆగింది. ఎడమచేత్తో పొట్ట నొక్కుకుంది.

"ఏమైంది?"

"ఏం లేదు, మంట. మోకాళ్ళ నొప్పికి ఆ పసుపురంగు మాత్ర వేసుకుంటున్నాలే. గ్రూపులో అందరూ వేసుకుంటున్నారుగా. సెరాఫినా చూడు, మొన్నటిదాకా గోడ పట్టుకుని నడిచేది, ఇప్పుడు మేకపిల్లలా మెట్లెక్కుతోంది."

ఆ పసుపు మాత్ర సంగతి గ్రిసెల్దాకు బాగా తెలుసు. ఆమె థీసిస్‌లో అది నాలుగో పటం. కాలనీ ఫోన్ గ్రూపులో ఎవరో ఒకామె ఆ మాత్ర పేరు రాసింది. కొన్నాళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత ముగ్గురు ఒకరి వెనక ఒకరు "నాకూ తగ్గింది" అన్నారు. అక్కడినుంచి మాత్ర వేసుకున్నామనేవాళ్ళ గీత నిటారుగా లేచింది. అంత అందంగా లేచిన గీత ఆమె పనిలో మరొకటి లేదు. ఆ గీతలో ఒక చుక్క ఓబ్దూలియా అని అప్పటిదాకా ఆమెకు తట్టలేదు.

ఆ మాత్ర కడుపులో పుండు చేస్తుందని చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించింది. గ్రూపులో జరిగేదాన్ని చూస్తానే తప్ప అందులో వేలు పెట్టనని కాలనీ సంఘానికి, విశ్వవిద్యాలయానికి మాట ఇచ్చింది. ఆ మాట గ్రూపుకే వర్తిస్తుంది, ఈ బండికి కాదు. అయినా ఏదో అడ్డం పడింది.

"ఖాళీ కడుపుతో వేసుకోకు పిన్నీ," అంది చివరికి. అంతమాత్రానికే ఏదో నియమం తప్పినట్టు అనిపించింది.

"ఏం భయం లేదు, నువ్వున్నావుగా. మనిద్దరిదీ ఒకే పొగరుమోతు రక్తం." పోయిన వేసవిలో సంత దగ్గర వైద్యశిబిరం డేరాలో ఇద్దరూ పక్కపక్కన కూర్చుని వేలు గుచ్చుకున్నారు. ఓ నెగటివ్ అంది నర్సు. అది అందరికీ పనికొస్తుంది కానీ తనలాంటిదాన్ని తప్ప ఇంకోదాన్ని పుచ్చుకోదని, కాలనీ మొత్తానికి మీరిద్దరే తేలారని చెప్పింది. అప్పట్నించీ ఓబ్దూలియాకు అదొక పరాచికం అయిపోయింది. "కనక నాకన్నా ముందు నువ్వు చావకూడదు. చస్తే నాకెవరిస్తారు?"

గ్రిసెల్దా నవ్వి గ్లాసును పెదవులకు ఆనించుకుంది. ఫోన్లో తన పేరు పక్కన పెట్టుకున్న బొమ్మ కూడా ఆ గ్లాసుదే, అంచు దగ్గర చిన్న పెచ్చు ఊడిన గ్లాసు. మనుషులు తమ ముఖాలు పెట్టుకునే చోట ఆమెకు పెట్టుకోవడానికి అంతకన్నా తనది అనిపించేది ఏదీ దొరకలేదు.

*

ఆమెకు ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. శవపేటిక ముందు బెంచీ మీద కూర్చుని ఆమె ఏడవలేదు. ఎప్పుడు ఏడవాలో తెలియలేదు. పెద్దత్త వైపు చూసింది. పెద్దత్త చేతిరుమాలు కళ్ళకు ఎత్తగానే తనూ చెయ్యెత్తింది. చిత్రంగా కన్నీళ్ళు వచ్చాయి, నిజమైనవే, ధారగా. ఆ కన్నీళ్ళు తనవా, పెద్దత్తవా అన్న ప్రశ్న ఆ బెంచీ మీద మొదలై ఇప్పటికీ తెగలేదు. కొందరు అలాంటి ప్రశ్నను మర్చిపోయి బతుకుతారు. ఆమె దాన్ని లెక్కల్లోకి మార్చుకుంది.

ఆమె నమూనాలో ప్రతి చుక్కా ఒక మనిషి. ఆ మనిషి గ్రూపు తెరిచి, తనకన్నా ముందు ఏం జరిగిందో చూసి, తనూ ఏదో ఒకటి చేస్తాడు. ఎంత వెనక్కి చూస్తాడన్నదే అసలు ప్రశ్న. దానికి ఆమె 'చూపు' అని పేరు పెట్టింది. కాలనీ గ్రూపులో కొన్నేళ్ళుగా పోగైన మాటలన్నీ పోసి చూస్తే, చూపు మూడు దగ్గర పెట్టినప్పుడు లెక్క అతికినట్టు సరిపోయింది. మనిషి చివరి మూడు జవాబులు చూస్తాడు. మొదట వచ్చిన అసలు సందేశానికి బరువు సున్నా.

ఆ సున్నా దగ్గరే ఆమె గురువు వల్దీవియాకు మింగుడు పడలేదు.

"మరీ సున్నా పెట్టకు గ్రిసెల్దా. ఎంతో కొంత పెట్టు. జనం అంత గుడ్డివాళ్ళు కాదు."

"సున్నా దగ్గరే గీత సరిపోతోంది సార్."

"గీత సరిపోతే మనుషులు సరిపోయినట్టేనా?" ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుని తెర దగ్గరికి వంగాడు. "ఇవేంటి, గీత బయట ఈగల్లా?"

"అవి 'మిగతావి' సార్. అందరూ ఒకటి అంటుంటే మధ్యలో గ్యాస్ బండి ఎప్పుడొస్తుందని అడిగేవాళ్ళు, పిల్లలు పొరపాటున నొక్కినవి, గుడ్ మార్నింగులు. ప్రోగ్రామ్ వాటిని విడిగా తీసి పడేస్తుంది. లేకపోతే గీత నునుపుగా రాదు."

"పడేసేముందు చదువుతావా?"

"మొదట్లో చదివేదాన్ని."

ఆయన ఆమె వైపు తిరిగాడు. "మరి నీ సంగతేంటి? నీ చూపు ఎంత? నువ్వూ మూడేనా?"

"నేను ఆ చుక్కల్లో లేను సార్," అంది గ్రిసెల్దా. గర్వంతో అన్న మాట కాదది. తన ఒంటరితనానికి ఇంత చదువూ చదివి సంపాదించుకున్న ఒకే ఒక్క సర్టిఫికెట్టు అది.

కాలనీ సంఘం అనుమతి అడగడానికి వెళ్ళిన రోజు, అధ్యక్షుడు ఎలెయుతేరియో పొట్ట పట్టుకుని నవ్వాడు. "గ్రూపులో వచ్చేవన్నీ చదువుతావా? చదువుకో తల్లీ, చదువుకో. ఎవరో ఒకరు చదవాలిగా, మేం ఎలాగూ చదవం." అందరూ నవ్వారు. ఆమె ఆ మాటను థీసిస్ ముందుమాటలో వేసుకుందామనుకుంది కూడా.

*

మరో వారానికి ఒక ఉదయం బండి రాలేదు. గ్రిసెల్దా మూల మీద కాసేపు నిలబడి, చేతులు జేబుల్లో దోపుకుని వెళ్ళిపోయింది. రోజంతా నోరు తెరవలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే గ్రూపు నల్లగా ఉంది. నల్ల రిబ్బన్లు. కాలనీలో ఎవరు పోయినా ఎలెయుతేరియో మొదటి నల్ల రిబ్బన్ బొమ్మ పెడతాడు. తర్వాత గడపగడపనుంచీ ఒక్కొక్కటి వస్తుంది. చావు కబురు ఎప్పుడూ పోయిన మనిషి ఫోటోతోనే వస్తుంది గనక, ఫోటో కనపడితే చాలు, ఆయన వేలు రిబ్బన్ మీదికి పోతుంది. ఆమె వేలితో తెరను పైకి తోసింది. రిబ్బన్, రిబ్బన్, "దేవుడు మన ఓబ్దూలియాను తన దగ్గరికి పిలుచుకున్నాడు", రిబ్బన్. ఇంకా పైకి తోస్తే ఒక ఫోటో కొస కనిపించింది. బండి పక్కన నిలబడి నవ్వుతున్న ఓబ్దూలియా. ఫోటో కింద ఏవో రెండు పంక్తులు, ఆ తర్వాత 'మరింత చదవండి'.

ఆమె దాన్ని నొక్కలేదు.

ఎందుకు నొక్కలేదన్నది తర్వాత ఆమె మనసులో చాలాసార్లు తిరిగిన ప్రశ్న. వివరాలు చదివే ధైర్యం లేక, అని మొదట చెప్పుకుంది. కానీ అది నిజం కాదు. చదవడానికి ఏమీ లేదనిపించింది. అంతమంది చెప్పాక ఇంకా తెలుసుకోవలసింది ఏముంటుంది?

కుర్చీలో కూలబడింది. లోపల ఏదో తెగింది, కానీ నొప్పి ఇంకా రాలేదు. నొప్పి కోసం ఎదురుచూస్తున్నట్టుగా కూర్చుంది. అది రాకపోయేసరికి, చేతులకు అలవాటైన పని చేసింది. కంప్యూటర్ తెరిచి, ఆ రోజు గ్రూపు మాటల్ని ప్రోగ్రామ్‌లో పోసింది.

గీత లేచింది. మొదట కాసేపు నేలబారుగా, మూడో రిబ్బన్ దగ్గర కొంచెం వంగి, ఆపైన నిటారుగా. నమూనా గీసిన గీతా, నిజంగా వచ్చిన గీతా ఒకదాని మీద ఒకటి పరిచినట్టు కలిసిపోయాయి. పసుపు మాత్ర గీత కూడా ఇంత బాగా కలవలేదు. ఆ క్షణంలో ఆమెకు సంతోషం కలిగింది. చిన్నదే, తాళంలో తాళంచెవి సరిపోయినప్పుడు పిల్లకు కలిగేలాంటిది. ఆ వెంటనే ఒళ్ళంతా సిగ్గుతో చల్లబడింది.

గీత బయట మూడు చుక్కలున్నాయి. 'మిగతావి'. గ్యాస్ బండి కాబోలు. ప్రోగ్రామ్ అడిగింది, తీసెయ్యనా అని. రోజూ నొక్కే మీటే. నొక్కింది. గీత నునుపయింది.

సిగ్గు మాత్రం తగ్గలేదు. తను పిన్నీ అని పిలుచుకున్న మనిషి పోతే తను పటం గీసింది. అంతమంది, ఆమె చేతి కషాయం ఎప్పుడో ఒకసారి తాగినవాళ్ళు కూడా, ఒక రిబ్బన్ పెట్టారు. రోజూ తాగిన తను మాత్రం గాజు వెనకనుంచి చూస్తోంది. పెద్దత్త చేతిరుమాలు గుర్తొచ్చింది. ఇక నియమం గుర్తు రాలేదు. ఫోన్ తీసుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ గ్రూపులో తన వేలు పెట్టింది. ఒక నల్ల రిబ్బన్.

అది వెళ్ళగానే కన్నీళ్ళు వచ్చాయి. తనకంటే ముందు వచ్చిన మూడు రిబ్బన్లూ తన రిబ్బన్ పైన వరసగా కనిపించాయి. ఆమె ఫోన్ మోగకుండా గొంతు నొక్కేసి, సొరుగులో పడేసి, సొరుగు మూసింది.

*

తెల్లవారి ఆమె నల్ల శాలువా కప్పుకుని, ఫోన్ సొరుగులోనే వదిలేసి బయల్దేరింది. చావింటికి ఫోనెందుకు?

ఓబ్దూలియా గడప ముందు అప్పటికే జనం ఉన్నారు. ఇద్దరు మగవాళ్ళు ప్లాస్టిక్ కుర్చీలు దింపుతున్నారు. ఆడవాళ్ళు ఫ్లాస్కుల్లో కాఫీ, సంచుల్లో రొట్టెలు తెచ్చారు. ఎలెయుతేరియో స్టూలెక్కి తలుపు మీద నల్లగుడ్డ కడుతూ ఎవరినో కసురుతున్నాడు.

"సుత్తి అటు కాదయ్యా, ఇటు. నీకు పెళ్ళికి తోరణం కట్టడమూ రాదు, చావుకి గుడ్డ కట్టడమూ రాదు."

"తలుపుకి తాళం ఉంది మామా. శవం ఎప్పుడొస్తుందంట?"

"వస్తుందిలే. ఆస్పత్రివాళ్ళు కాగితాలని తిప్పుతారు. మనం కుర్చీలేసుకుని కూర్చుంటే అదే వస్తుంది."

పక్కింటి తలుపు తెరుచుకుంది. సెరాఫినా జుట్టు ముడేసుకుంటూ బయటికొచ్చింది. మేడమెట్లు మేకపిల్లలా ఎక్కే సెరాఫినాయే. "ఏంటిది పొద్దున్నే? ఎవరు పోయారు?"

"నీ పక్కింటామె పోయి నువ్వు ఎవరంటావేంటే?" అంది కాఫీ పోస్తున్న ఒకామె.

"ఓబ్దూలియానా? నిన్న పొద్దున ఆమెని టాక్సీ ఎక్కించింది నేనేగా! నెత్తురు కక్కుకుంది. కూతురు యెనీ రేవులో పనిచేసే చోటునుంచి తిన్నగా ఆస్పత్రికే వచ్చేసింది. అప్పటికి బానే మాట్లాడుతోందే."

"మరి నువ్వూ రిబ్బన్ పెట్టావు కదమ్మా! నేను చూశా."

సెరాఫినా చేతిలోని జుట్టుముడి వదిలేసింది. "అందరూ పెడుతుంటే పెట్టాను. తర్వాత పోయిందేమో, మీకు కబురొచ్చిందేమో అనుకున్నా."

"నాకెవరు చెప్పారు? ఎలెయుతేరియో మామ పెట్టాడని నేను పెట్టా."

అందరూ స్టూలు మీది మనిషి వైపు చూశారు. ఎలెయుతేరియో చేతిలో మేకులు పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "ఫోటో వచ్చిందిగా," అన్నాడు. "ఆమె ఫోన్నించే ఫోటో వచ్చింది. ఫోటో వస్తే అంతే కదా. అంతే కదా ఎప్పుడూ?"

ఎవరో ఫోన్ తీశారు. రిబ్బన్లను తోసుకుంటూ పైకి వెళ్ళడానికి చాలాసేపు పట్టింది. 'మరింత చదవండి' నొక్కిన చప్పుడు కూడా గ్రిసెల్దాకు వినిపించినట్టయింది. సెరాఫినా ఫోన్ లాక్కుని, చిన్నబడి పిల్లలా ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"ఇరుగుపొరుగు పెద్దలందరికీ దండం. నేను ఓబ్దూలియా కూతురు యెనీని, అమ్మ ఫోన్నించి రాస్తున్నాను. అమ్మకి కడుపులో పుండు పగిలింది. రక్తం పోతోంది. ఆస్పత్రిలో ఓ నెగటివ్ అయిపోయింది. మూడో వీధిలో ఉండే డాక్టరమ్మది అదే రక్తమని అమ్మ అంటోంది. ఆవిడ అసలు పేరు అమ్మకి తెలీదట. దయచేసి ఎవరైనా ఆవిడ తలుపు తట్టి చెప్పండి. సాయంత్రంలోగా కావాలంటున్నారు."

కుర్చీలు దింపేవాళ్ళు ఆగిపోయారు. ఎవరూ గ్రిసెల్దా వైపు తిరగలేదు. వాళ్ళలో చాలామందికి ఆమె ఎవరో తెలియదు కూడా. సెరాఫినాకు మాత్రం తెలుసు.

"ఏమే, నువ్వు చదవలేదా?" అంది సెరాఫినా. నిందలా లేదు ఆ గొంతు. నిజంగా తెలుసుకోవాలనే ఉంది. "నువ్వు అన్నీ చదువుతావు కదే?"

*

ఆస్పత్రిలో నర్సు గ్రిసెల్దా చేతికి రబ్బరు పట్టీ బిగించి, నరం వెతికి, సూది గుచ్చింది. "గుప్పిట మూసి తెరవండి. మూసి తెరవండి." ఎర్రగొట్టం ఆమె మణికట్టు మీద వెచ్చగా పాకింది. తన శరీరంలో ఇంత వేడి ఉందని గ్రిసెల్దా ఎప్పుడూ అనుకోలేదు. సంచి నెమ్మదిగా నిండుతోంది. ఇంకా త్వరగా నిండాలని ఆమె గుప్పిటను గట్టిగా, ఇంకా గట్టిగా బిగించింది.

"నిదానంగా అమ్మా. పిండితే వచ్చేది కాదది."

గోడకున్న ఫోన్ మోగింది. నర్సు అవతలి మాట విని, "సరే," అని, ఇంకాసేపు విని, మళ్ళీ "సరే," అని పెట్టేసింది. వచ్చి సంచిని చూసింది. సూది తీయలేదు.

"సగం పైగా వచ్చేసింది," అంది కళ్ళు కలపకుండా. "నిండనిద్దాం. ఇంకెవరికైనా పనికొస్తుంది."

గ్రిసెల్దా గుప్పిట మూసి తెరుస్తూనే ఉంది. వద్దని ఎవరూ చెప్పలేదు.

యెనీ నడవాలో గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. చేపల ఫ్యాక్టరీ నీలం కోటు ఇంకా ఒంటి మీదే ఉంది. తల్లి నుదురే, తల్లి గెడ్డమే. గ్రిసెల్దా వచ్చి ఎదురుగా నిలబడితే తల ఎత్తింది.

"మీరేనా డాక్టరమ్మ?"

"నేనే."

"గ్లాసు బొమ్మ మీదేనా?"

గ్రిసెల్దా తల ఊపింది.

"రిబ్బన్లు వస్తుంటే మొదట అమ్మ నవ్వింది," అంది యెనీ. ఏడిచి ఏడిచి ఆమె గొంతులో తడి అయిపోయింది. "ఫోన్ ఇవ్వవే, ఎవరెవరు పెట్టారో చూస్తానంది. 'చూశావా, పెద్ద వీధి ముసలాడు కూడా పెట్టాడు, నాకు ఎనిమిది గ్లాసుల బాకీ, ఇప్పుడు ఎగ్గొట్టేద్దామనే' అని. నేను రాస్తూనే ఉన్నా. బతికే ఉంది, బతికే ఉంది, రక్తం కావాలి అని. మూడుసార్లు రాశా. రాసింది రాసినట్టే పైకి పోయేది. దాని కింద మళ్ళీ రిబ్బన్లు. ఒకాయన దండం బొమ్మ పెట్టాడు."

మూడు చుక్కలు. గ్రిసెల్దా చూపుడువేలు చివర, మీట నొక్కిన చోట, ఏదో అంటుకున్నట్టు అనిపించింది.

"తర్వాత మీ గ్లాసు వచ్చింది. అమ్మ గుర్తుపట్టింది. 'ఇది నా గ్లాసే. పెచ్చు ఊడిందే. డాక్టరమ్మే,' అంది. మీ నంబరు దొరికిందని నేను వెంటనే ఫోన్ చేశాను. మీరు ఎత్తలేదు. చేస్తూనే ఉన్నాను. సందేశాలూ పెట్టాను."

సొరుగు. ఆ సొరుగులో చీకట్లో చప్పుడు లేకుండా వెలిగి ఆరి, వెలిగి ఆరి ఉంటుంది.

"పిన్ని ఏమన్నా అందా? నా రిబ్బన్ చూశాక?"

అడగకూడదని తెలిసీ అడిగింది.

"ఏమీ అనలేదు. ఫోన్ బోర్లా పెట్టేసింది. ఆ తర్వాత ఎవరు పెట్టారో చూడలేదు."

*

మధ్యాహ్నం యెనీ గ్రూపులో ఒక పంక్తి రాసింది. "అమ్మ ఈ ఉదయం చనిపోయింది." ఫోటో పెట్టలేదు.

గ్రిసెల్దా తన గదిలో కూర్చుని ఫోన్‌ను అరచేతిలో పట్టుకుని చూస్తోంది. సొరుగులోంచి తీసినప్పుడు యెనీ పిలుపులన్నీ తెరంతా నిండి ఉన్నాయి. వాటిని లెక్కపెట్టలేదు. ఏదైనా లెక్కపెట్టాలంటే భయమేసింది.

యెనీ పంక్తి కింద ఏమీ లేదు. కాలనీలో మూడువందల గడపలున్నాయి, చూసిన గుర్తులు పడుతూనే ఉన్నాయి, ఒక్క జవాబు లేదు. ఎలెయుతేరియో రిబ్బన్ పెట్టలేదు. ఆయన పెట్టకపోతే ఎవరూ పెట్టలేదు. తన నమూనాలో ఇది లేదని ఆమెకు తట్టింది. మౌనాన్ని ఆమె ఎప్పుడూ చుక్కగా పెట్టలేదు. మౌనంగా ఉన్నవాళ్ళు లేనివాళ్ళే అనుకుంది. కానీ వాళ్ళు ఉన్నారు. ఒకరి మౌనం చూసి ఒకరు మౌనంగా ఉన్నారు. ఎవరో ఒకరు మొదట కదలాలని అందరూ చూస్తున్నారు. తనూ అందుకే చూస్తోంది.

ఈసారి ఎవరి వైపూ చూడకూడదనుకుంది. ఒక్కసారైనా, ఎవరూ అనని మాట తను అనాలి. రాసింది, చెరిపింది, మళ్ళీ రాసింది.

"యెనీ, నేను నీ సందేశం చదవలేదు. చదవకుండానే రిబ్బన్ పెట్టాను. ఆమెకు కావలసిన రక్తం నాది. చదివి ఉంటే వచ్చేదాన్ని. నన్ను క్షమించమని అడిగే హక్కు నాకు లేదు."

పంపింది. పుట్టి బుద్ధెరిగాక తన లోపలినుంచి, తనంతట తానుగా వచ్చిన మొదటి మాట ఇదే అనిపించింది. పెద్దత్త వైపు చూడకుండా వచ్చిన మొదటి మాట. ఆ బాధ మధ్యలోనే, చాలా సన్నగా, ఒక విడుదల లాంటిది కలిగింది.

కాసేపటికి సెరాఫినా రాసింది. "నేనూ చదవలేదు యెనీ. క్షమించు తల్లీ."

గ్రిసెల్దా కళ్ళు చెమర్చాయి. సెరాఫినా నిజమే చెప్పింది.

తర్వాత రొట్టెల దుకాణం ఆమె. "నేనూ చదవలేదు. క్షమించు." తర్వాత ఎలెయుతేరియో. "నేనూ చదవలేదమ్మా." దండం బొమ్మ. మూడయ్యాయి. వద్దు, అనుకుంది. ఇక ఆగండి.

నాలుగోది వచ్చింది. అయిదోది వచ్చింది. అప్పటినుంచి వేలు పెట్టి ఆపలేనంత వేగంగా. "నేనూ చదవలేదు." "నేనూ చదవలేదు, క్షమించమని అడిగే హక్కు నాకు లేదు." నెల కిందటే ఆ కాలనీలోకి అద్దెకు దిగి, ఓబ్దూలియాను ఒక్కసారి కూడా చూడనివాళ్ళు రాశారు. ఊరొదిలి వెళ్ళిపోయి గ్రూపులో మాత్రం మిగిలినవాళ్ళు రాశారు. ఏడుపు బొమ్మలు, విరిగిన గుండె బొమ్మలు. మధ్యలో ఎక్కడో బూడిదరంగు అక్షరాల్లో చిన్న పంక్తి. యెనీ తల్లి నంబరు గ్రూపునుంచి వెళ్ళిపోయిందని. దాన్ని ఎవరూ చూసినట్టు లేదు. దాని కింద కూడా యెనీని పేరుపెట్టి పిలుస్తూ క్షమాపణలు వస్తూనే ఉన్నాయి.

గ్రిసెల్దా ఈసారి ఒక్కటీ వదలలేదు. పొడుగ్గా ఉన్న ప్రతి సందేశం దగ్గరా ఆగి, 'మరింత చదవండి' నొక్కి, చివరిదాకా చదివింది. గీతలో పడనిది ఒక్కటైనా, 'మిగతావి' అనదగ్గది ఒక్కటైనా దొరుకుతుందేమోనని వెతికింది. దొరకలేదు. చాలా సందేశాల్లో ఉన్నవి తన మాటలే. కొందరు ఒక్క అక్షరం మార్చకుండా ఎత్తి పెట్టేశారు.

"ఆమెకు కావలసిన రక్తం నాది," అని రాశాడు కుళాయిలు బాగుచేసేవాడు.

"ఆమెకు కావలసిన రక్తం నాది," అని రాసింది కుర్చీలు అద్దెకిచ్చే ఆమె.

కిటికీలో వెలుతురు సన్నగిల్లుతోంది. ఆమె చదువుతూనే ఉంది. కాలనీ మొత్తానికి ఇద్దరికే ఉన్న ఆ రక్తం, పొద్దు గూకేసరికి అందరికీ వచ్చేసింది.